శుద్ధజాతి కుక్కలు, సంకరజాతి కుక్కలు, బాధ్యత గల బ్రీడింగ్

కుక్కల్లో బ్రీడ్లు ఎన్ని ఉన్నా జీవజాతి ఒక్కటే. రెండు కిలోల చివావా అయినా, డెబ్బై కిలోలు దాటే మాస్టిఫ్ అయినా జీవశాస్త్రం లెక్కలో ఒకే ప్రాణి. ఏ రెండు బ్రీడ్లను జతకట్టించినా పిల్లలు పుడతాయి, ఆ పిల్లలకూ సంతానం కలుగుతుంది. తల్లిదండ్రులిద్దరూ ఒకే బ్రీడుకు చెంది, కొన్ని తరాల వంశావళి కెనెల్ క్లబ్ రిజిస్టరులో నమోదై ఉంటే ఆ కుక్కను శుద్ధజాతి లేదా పెడిగ్రీ కుక్క అంటారు. రెండు వేర్వేరు బ్రీడ్ల కలయికతో పుట్టింది సంకరజాతి, వాడుకలో క్రాస్. ఎన్నో తరాలుగా రకరకాల బ్రీడ్లు కలిసిపోయి, తాతముత్తాతలెవరో చెప్పలేనిది మిశ్రమజాతి. ఊళ్లలో మనుషుల మధ్య తరతరాలుగా తనంతట తాను బతుకుతూ వచ్చిన నాటు కుక్క ఈ మూడింటిలో దేనికీ చెందదు. దాని సంగతి వేరుగా చెప్పుకోవాలి.

తెలుగు ఇళ్లలో ఈ విషయం మీద రెండు మాటలు గట్టిగా వినిపిస్తాయి. "పేపర్లున్న ఒరిజినల్ బ్రీడ్, ఢోకా లేదు" అన్నది ఒకటి. "క్రాస్ అయితే గట్టి పిండం, రోగాలు రావు" అన్నది రెండోది. రెండింటిలోనూ కొంత నిజముంది. ఏ ఒక్కదాన్ని పూర్తిగా నమ్మి కుక్కను తెచ్చుకున్నా మోసపోయే అవకాశం అంతే ఉంది. పిల్ల ఆరోగ్యాన్ని బ్రీడు పేరు కన్నా ఎక్కువగా నిర్ణయించేది దాని తల్లిదండ్రులను ఎంచిన మనిషి. ఆ మనిషి వాటిని పరీక్ష చేయించాడా, వాటి ముందు తరాల రోగాలు తెలుసుకున్నాడా, తెలిసినవి దాచకుండా చెప్పాడా అన్నవే అసలు ప్రశ్నలు.

రిజిస్టర్లు ఎలా పుట్టాయి

కుక్క మనిషికి మచ్చికై కనీసం పదిహేను వేల ఏళ్లు అయింది. ఇవాళ మనం పేర్లు పెట్టి పిలిచే బ్రీడ్లలో చాలా వాటి వయసు మాత్రం రెండు వందల ఏళ్లు కూడా ఉండదు. అంతకుముందు కుక్కను పనిని బట్టి ఎంచుకునేవారు. గొర్రెలను తోలేది, కుందేలును తరిమేది, ఇంటికి కాపలా ఉండేది అని రకాలు ఉండేవి. బాగా పనిచేసే కుక్కకు బాగా పనిచేసే కుక్కను జతకట్టించేవారు, రంగూ చెవులూ ఎలా ఉన్నా పట్టించుకునేవారు కాదు.

19వ శతాబ్దపు ఇంగ్లండులో ఈ పద్ధతి మారింది. 1859లో న్యూకాసిల్‌లో పాయింటర్, సెట్టర్ రకం వేటకుక్కలతో జరిగిన పోటీని తొలి డాగ్ షోగా చెబుతారు. 1873లో లండన్‌లో కెనెల్ క్లబ్ ఏర్పడింది, మరుసటి ఏడాది తొలి వంశావళి పుస్తకం అచ్చయింది. అమెరికన్ కెనెల్ క్లబ్ 1884లో, పలు దేశాల క్లబ్బుల సమాఖ్య అయిన ఎఫ్‌సీఐ 1911లో మొదలయ్యాయి. ఎఫ్‌సీఐ ఇప్పుడు 350కి పైగా బ్రీడ్లను గుర్తిస్తోంది. మన దేశంలో ఈ పని చేసే కెనెల్ క్లబ్ ఆఫ్ ఇండియా చెన్నై కేంద్రంగా నడుస్తోంది. బ్రీడర్లు "కేసీఐ పేపర్లు" అనేది దాని సర్టిఫికెట్లనే.

ఇక్కడ ఒక సంగతి మరిచిపోకూడదు. ఈ శుద్ధజాతుల్లో చాలా భాగం సంకరంతోనే మొదలయ్యాయి. జర్మన్ షెపర్డ్‌కు మూలపురుషుడిగా రిజిస్టరులో మొదట ఎక్కింది హోరాండ్ అనే ఒక్క కుక్క. దాన్ని 1899లో కొన్న మాక్స్ ఫాన్ స్టెఫానిట్స్ జర్మనీలోని వేర్వేరు ప్రాంతాల గొర్రెల కాపరి కుక్కలను కలిపి ఆ బ్రీడును తీర్చిదిద్దాడు. డోబర్‌మన్ పిన్షర్ పుట్టింది అపోల్డా అనే పట్టణంలో పన్నులు వసూలు చేసే ఉద్యోగి చేతిలో. తనకు తోడుగా ఉండే కాపలా కుక్క కోసం ఆయన పలు రకాలను కలిపాడు. కలపడం అయ్యాక రిజిస్టరు తలుపు మూశారు. అక్కడి నుంచి లోపలున్న కుక్కల పిల్లలకు, ఆ పిల్లల పిల్లలకు మాత్రమే పేరు రాయడం మొదలైంది. శుద్ధత అన్న మాటకు ఆచరణలో ఉన్న అర్థం ఇదే.

తలుపు మూసిన తరువాత

మేనరికం గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. మేనమామకు, మేనకోడలికి పెళ్లి చేస్తే పుట్టే బిడ్డలో, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే పూర్వీకుడి జన్యువు రెండు ప్రతులుగా వచ్చే అవకాశం 12.5 శాతం. మేనత్త మేనమామ బిడ్డల మధ్య పెళ్లయితే అది 6.25 శాతం. కుక్కల్లో అన్నాచెల్లెళ్లను గానీ, తండ్రీకూతుళ్లను గానీ కలిపితే ఆ అంకె 25 శాతం. దీన్ని అంతఃప్రజనన గుణకం అంటారు. 227 బ్రీడ్ల జన్యువులను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో సగటు గుణకం దాదాపు 25 శాతంగా తేలింది. అంటే జతకట్టించిన రెండు కుక్కలకూ కాగితం మీద దగ్గరి చుట్టరికం కనిపించకపోయినా, జన్యువుల్లో మాత్రం అవి సగటున అన్నాచెల్లెళ్లంత దగ్గరగా ఉన్నాయన్నమాట.

దీనికి మూడు కారణాలు కలిసి వచ్చాయి. ఒకటి, తలుపు మూసినప్పుడు లోపల ఉన్న కుక్కలు తక్కువ. రెండు, ప్రపంచ యుద్ధాల కాలంలో ఐరోపాలో చాలా బ్రీడ్లు కొద్ది కుక్కలకు కుదించుకుపోయి, ఆ కొద్దింటి నుంచే మళ్లీ పెరిగాయి. మూడోది ఇప్పటికీ సాగుతోంది. షోలో ఛాంపియన్ అయిన మగకుక్కకు స్టడ్ ఫీజు ఎంతైనా ఇచ్చి జతకట్టించుకోవడానికి అందరూ వస్తారు. ఒక్క మగకుక్కకు వందల పిల్లలు పుడతాయి. దానిలో దాగి ఉన్న ఒక అంతర్గత జన్యులోపం రెండు మూడు తరాల్లో బ్రీడు మొత్తానికి పాకుతుంది. ఛాంపియన్ మాత్రం జీవితమంతా ఆరోగ్యంగానే ఉండొచ్చు, ఎందుకంటే దానిలో ఉన్నది లోపపు ప్రతి ఒక్కటే. ఆ రెండు ప్రతులూ కలిసేది మనవలకు మనవరాళ్లను జతకట్టించినప్పుడు.

రక్తం దగ్గరయ్యేకొద్దీ పేరున్న జబ్బులతో పాటు పేరులేని బలహీనత కూడా వస్తుంది. గోల్డెన్ రిట్రీవర్ల మీద జరిగిన పరిశీలనలో, తల్లి గుణకం పది శాతం పెరిగితే ఈతకు సగటున ఒక పిల్ల తగ్గుతున్నట్టు తేలింది. ఈతకు ఎన్ని పిల్లలు వచ్చాయో లెక్కరాసుకునే బ్రీడరుకు ఇది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. లెక్కరాసుకోనివారికి ఎప్పటికీ తెలియదు.

ఆకారమే జబ్బయినప్పుడు

దాగి ఉన్న జన్యువుల సంగతి అలా ఉంచితే, కొన్ని బ్రీడ్లకు కీడు వాటి ఆకారం ఎలా ఉండాలో చెప్పే ప్రమాణపత్రంలోనే రాసి ఉంది. పగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, ఇంగ్లిష్ బుల్‌డాగ్‌ల మూతిని తరతరాలుగా కుదించుకుంటూ వచ్చారు. పైఎముక కుదించుకుపోయినా లోపలి మెత్తని కండ ఆ మేరకు తగ్గలేదు. అంగుడు పొడవుగా మిగిలి గొంతులోకి వేలాడుతుంది, ముక్కురంధ్రాలు సన్నని గీతల్లా మూసుకుపోతాయి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. వేడిని నోటితో రొప్పుతూ పోగొట్టుకోవాలి. రొప్పడానికే దారి లేని కుక్కను మే నెలలో రామగుండంలోనో, రెంటచింతలలోనో పెంచడమంటే ఏమిటో ఆలోచించండి. బుల్‌డాగ్‌ల తల, భుజాలు ఎంత వెడల్పయ్యాయంటే, ఇంగ్లిష్, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌ల కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్‌లేనని బ్రిటన్‌లో జరిగిన సర్వేలో తేలింది.

పగ్‌ను ఎంచుకోబోయేవారు ఒక్క పని చేసి చూడొచ్చు. పిల్ల నిద్రపోతున్నప్పుడు దాని ముక్కును ఎదురుగా కూర్చుని గమనించండి. రంధ్రాలు గుండ్రంగా తెరుచుకుని ఉండి, ఊపిరి చప్పుడు లేకుండా ఆడుతుంటే మంచిదే. ఊపిరి పీల్చిన ప్రతిసారీ ముక్కు పక్కలు లోపలికి అతుక్కుపోతూ గురక వస్తుంటే అది ముద్దు కాదు, ఇబ్బంది. తరువాత దాని తల్లిని పది మెట్లు ఎక్కించి, రొప్పు ఎంతసేపటికి తగ్గుతుందో చూడండి. 2003లో హచ్ ఫోన్ ప్రకటనలో కుర్రాడి వెంట నడిచిన పగ్ దేశమంతటా ఆ బ్రీడుకు గిరాకీ పెంచింది. గిరాకీ వచ్చిన చోట ముక్కు రంధ్రాలు చూసి జతకట్టించే ఓపిక ఎవరికీ ఉండలేదు.

ఐరోపాలో ఈ విషయం కోర్టుల దాకా వెళ్లింది. 2008లో బీబీసీ ప్రసారం చేసిన ఒక డాక్యుమెంటరీ శుద్ధజాతి కుక్కల బాధలను ఇంటింటా చూపించింది. మరుసటి ఏడాది బ్రిటన్ కెనెల్ క్లబ్ తల్లీకొడుకులు, తండ్రీకూతుళ్లు, తోబుట్టువుల కలయికతో పుట్టిన పిల్లలకు రిజిస్ట్రేషన్ ఆపేసింది. మూతి పొడవు పుర్రె పొడవులో మూడో వంతైనా లేని కుక్కలతో పిల్లలు తీయరాదన్న నియమాన్ని నెదర్లాండ్స్ 2019 నుంచి అమలుచేస్తోంది. నార్వేలో జంతు సంక్షేమ సంఘం వేసిన దావాలో, కావలియర్ కింగ్ చార్లెస్ స్పానియల్‌ను ఇప్పుడున్న పద్ధతిలో బ్రీడింగ్ చేయడం చట్టవిరుద్ధమని అక్కడి సుప్రీంకోర్టు 2023లో తేల్చింది. ఆ బ్రీడులో గుండె కవాటం జబ్బు, పుర్రె ఇరుకై వెన్నుపాములో నీటి బుడగలు ఏర్పడే జబ్బు అంతటా వ్యాపించాయి. ఆరోగ్యంగా ఉన్న జతలు దొరకడమే కష్టమయ్యే స్థితికి అది వచ్చింది.

డాల్మేషియన్ కథ

సంకరం శుద్ధజాతిని ఎలా కాపాడగలదో చూపించే ఉదాహరణల్లో డాల్మేషియన్ కథకు సాటి లేదు. చాలా కుక్కల్లో కాలేయం యూరిక్ ఆమ్లాన్ని అలంటోయిన్ అనే పదార్థంగా మారుస్తుంది. అది నీటిలో తేలిగ్గా కరిగి మూత్రంలో పోతుంది. డాల్మేషియన్‌లో మాత్రం యూరిక్ ఆమ్లం అలాగే మూత్రంలోకి వస్తుంది, స్ఫటికాలు కడుతుంది, రాళ్లవుతుంది. మగకుక్కల మూత్రనాళం సన్నం కాబట్టి రాయి అడ్డుపడి మూత్రం ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీనికి కారణమైన ఎస్‌ఎల్‌సీ2ఏ9 అనే జన్యువులోని లోపం బ్రీడులోని ప్రతి కుక్కలోనూ రెండు ప్రతులుగా ఉండేది. మంచి ప్రతి ఉన్న డాల్మేషియన్ ఒక్కటి కూడా మిగలలేదు. అలాంటప్పుడు ఎంత జాగ్రత్తగా జత ఎంచినా, లోపల లేని జన్యువు ఎక్కణ్నుంచి వస్తుంది?

1973లో అమెరికాలోని ఇండియానాకు చెందిన జన్యుశాస్త్రవేత్త రాబర్ట్ షైబుల్ ఒక డాల్మేషియన్‌ను పాయింటర్‌తో జతకట్టించాడు. పాయింటర్ దాని దగ్గరి చుట్టం, దానిలో ఆ జన్యువు సవ్యంగా ఉంది. పుట్టిన పిల్లల్లో ఒక్కో మంచి ప్రతి వచ్చింది, అదొక్కటే చాలు. ఆ పిల్లలను మళ్లీ శుద్ధ డాల్మేషియన్లతో కలిపాడు. ప్రతి ఈతలోనూ పిల్లల మూత్రం పరీక్షించి, యూరిక్ ఆమ్లం తక్కువున్న వాటినే తరువాతి తరానికి ఉంచాడు. తరం తరానికీ పాయింటర్ వాటా సగానికి తగ్గుతూ పోయింది. పది తరాలు దాటేసరికి ఆ వాటా వెయ్యో వంతు కన్నా తక్కువ. చుక్కలు, నడక, స్వభావం అన్నీ డాల్మేషియన్‌వే, ఒక్క జన్యువు మాత్రం పాయింటర్‌ది.

ఇంత చేసినా క్లబ్బులు వెంటనే ఒప్పుకోలేదు. అమెరికన్ కెనెల్ క్లబ్ 1981లో ఇలాంటి రెండు కుక్కలను నమోదు చేసింది. బ్రీడు క్లబ్ సభ్యులు అభ్యంతరం చెప్పడంతో అంతటితో ఆపేసింది. చివరికి 2011లో తలుపు తెరిచింది. మధ్యలో గడిచిన ముప్పై ఏళ్లలో ఎన్ని కుక్కలు రాళ్లతో బాధపడ్డాయో తలుచుకుంటే, శుద్ధత అన్న మాటకు మనుషులు ఇచ్చిన విలువ ఎంతటిదో అర్థమవుతుంది. బ్రిటన్‌లో జన్యుశాస్త్రవేత్త బ్రూస్ కటానక్ ఇదే పద్ధతిలో కార్గీతో కలిపి పుట్టుకతోనే పొట్టితోక గల బాక్సర్లను తయారుచేశాడు. ఫిన్లండ్ కెనెల్ క్లబ్ ఇప్పుడు ఇబ్బందుల్లో ఉన్న బ్రీడ్లకు ఇలాంటి సంకర ప్రణాళికలను తన పర్యవేక్షణలోనే నడిపిస్తోంది. నా అభిప్రాయంలో ప్రతి దేశపు క్లబ్బూ అనుసరించాల్సిన దారి ఇదే.

పేరు పెట్టి అమ్మిన సంకరం

డాల్మేషియన్‌కు తరతరాల పరీక్ష తోడైంది. లాబ్రడూడుల్‌కు అది తోడు కాలేదు. 1989లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అంధులకు దారిచూపే కుక్కలను తయారుచేసే సంస్థకు హవాయి నుంచి ఒక అంధురాలు రాసింది. తనకు కుక్క కావాలి గానీ భర్తకు కుక్క వెంట్రుకలు పడవు. సంస్థలో పనిచేసే వాలీ కాన్రాన్ ముందు పూడుల్‌లనే శిక్షణకు పెట్టి చూశాడు, కుదరలేదు. అప్పుడు లాబ్రడార్‌కు స్టాండర్డ్ పూడుల్‌ను జతకట్టించాడు. మూడు పిల్లలు పుట్టాయి. వాటి బొచ్చు, లాలాజలం నమూనాలు హవాయికి పంపితే ఆ భర్తకు పడింది ఒక్కదానిదే. మిగతా పిల్లలను పెంచడానికి క్రాస్ కుక్కలని ఎవరూ ముందుకు రాలేదు. వాటికి లాబ్రడూడుల్ అని పేరు పెట్టి ప్రచారం చేసేసరికి జనం ఎగబడ్డారు. అక్కడి నుంచి ప్రపంచమంతటా పూడుల్‌తో కలిపిన క్రాస్‌లు వెల్లువెత్తాయి. ఏ పరీక్షలూ లేకుండా డబ్బు కోసం వీటిని పుట్టిస్తున్న వారిని చూసి, ఈ పని మొదలుపెట్టినందుకు చింతిస్తున్నానని కాన్రాన్ తరువాత బహిరంగంగానే చెప్పాడు.

మొదటి కాన్పులోని మూడు పిల్లల్లో ఒక్కదానికే ఆ గుణం రావడం గమనించాల్సిన విషయం. సంకరంలో ఏ పిల్లకు ఎవరి బొచ్చు వస్తుందో, ఎవరి స్వభావం వస్తుందో ముందుగా చెప్పలేం. క్రాస్‌ను క్రాస్‌తో కలిపిన రెండో తరంలో తేడాలు ఇంకా పెరుగుతాయి. "ఈ బ్రీడుకు అలర్జీ రాదు" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మొద్దు.

సంకరం రోగాలను తప్పిస్తుందన్న మాటకు కూడా హద్దు ఉంది. తల్లి బ్రీడులో లేని లోపం తండ్రి బ్రీడులో ఉంటే, పిల్లకు ఒక మంచి ప్రతి వచ్చి జబ్బు బయటపడదు. అది నిజమైన లాభం. రెండు బ్రీడ్లలోనూ ఒకే లోపం ఉంటే ఆ లాభం పోతుంది. లాబ్రడార్‌లోనూ, పూడుల్‌లోనూ కంటి రెటీనా క్రమంగా చెడి చూపు పోయే ఒకే రకం జన్యులోపం ఉంది. తుంటి కీలు వదులయ్యే జబ్బు కూడా రెండింటిలోనూ ఉంది. పరీక్షించని లాబ్రడార్‌కు పరీక్షించని పూడుల్‌ను కలిపితే పిల్ల గుడ్డిదయ్యే అవకాశం శుద్ధజాతిలో లాగే మిగిలి ఉంటుంది.

అధ్యయనాలు తేల్చినవి

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పశువైద్యశాలకు వచ్చిన 27 వేలకు పైగా రోగి కుక్కల రికార్డులను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. 24 జన్యుసంబంధ జబ్బుల్లో 10 శుద్ధజాతుల్లో ఎక్కువ. మోకాలి స్నాయువు తెగే జబ్బు ఒక్కటి మిశ్రమజాతుల్లో ఎక్కువ. మిగిలిన 13 జబ్బుల్లో, తుంటి జబ్బు, పలు క్యాన్సర్లు సహా, ఏ తేడా కనపడలేదు. 2018లో లక్ష కుక్కల్లో 152 జన్యులోపాలను వెదికిన మరో అధ్యయనం ప్రకారం, ఐదింట రెండు కుక్కల్లో కనీసం ఒక లోపపు ప్రతి ఉంది. మిశ్రమజాతులు లోపాన్ని మోసే వాటిగా ఉంటే, రెండు ప్రతులూ కలిసి జబ్బు ముప్పు వచ్చేది ఎక్కువగా శుద్ధజాతుల్లో.

ఆయుర్దాయం లెక్కలు మరీ చిక్కు. బ్రిటన్‌లో 2013లో జరిగిన అధ్యయనం సంకరజాతులు 1.2 ఏళ్లు ఎక్కువ బతుకుతాయంది. అదే దేశంలో దాదాపు 5.85 లక్షల కుక్కల వివరాలతో 2024లో వచ్చిన మరో అధ్యయనంలో శుద్ధజాతుల మధ్యస్థ ఆయువు 12.7 ఏళ్లు, సంకరజాతులది 12 ఏళ్లు. అదే అధ్యయనంలో ఫ్రెంచ్ బుల్‌డాగ్ 9.8 ఏళ్లు, లంకషైర్ హీలర్ 15.4 ఏళ్లు. శుద్ధజాతులను అన్నిటినీ ఒక గంపలో వేసి సగటు తీస్తే ఏమీ తెలియదని దీన్ని బట్టి తెలుస్తోంది. ఒక్కో బ్రీడును విడిగా చూడాల్సిందే. అదే 2024లో కాకపూ, లాబ్రడూడుల్, కావపూ అనే మూడు క్రాస్‌లను వాటి తల్లిదండ్రి బ్రీడ్లతో పోల్చి చూస్తే, 57 సాధారణ జబ్బులకు చేసిన పోలికల్లో 86.6 శాతం చోట్ల తేడానే లేదు.

స్వభావం గురించి కూడా ఒక మాట. "ఈ బ్రీడ్ సాధువు, ఆ బ్రీడ్ కోపిష్టి" అన్న మాటను అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల యజమానుల సమాధానాలతో 2022లో పరీక్షించారు. కుక్కల ప్రవర్తనలో తేడాలకు బ్రీడు చెప్పగలిగే వివరణ దాదాపు 9 శాతమే. మిగతాది ఆ కుక్క సొంత వంశం, అది పెరిగిన తీరు, దానితో మనం మెలిగిన పద్ధతి.

మన దగ్గర కుక్కలను ఆసుపత్రికి తెచ్చే కారణాల్లో పెద్దవి పిడుదు జ్వరం, పార్వో. ఇవి పేపర్లు చూడవు, క్రాస్ అని వదలవు. గట్టి పిండమని టీకా మానేయడం, పిడుదుల మందు వేయకపోవడం చాలా ఇళ్లలో కనిపించే తప్పు. మరో జాగ్రత్త ఉంది. కోలీ రక్తం ఉన్న చాలా కుక్కల్లో ఐవర్‌మెక్టిన్ మందు మెదడుకు ఎక్కి ప్రాణాపాయం కలిగించే జన్యులోపం ఉంటుంది. పశువులకు వాడే ఆ మందును గజ్జికని ఇంట్లో ఉన్న కోలీ క్రాస్‌కు వేసేస్తే పోగొట్టుకోవాల్సి వస్తుంది.

నాటు కుక్కలు, జోనంగి

వీధి కుక్కను క్రాస్ అనడం పొరపాటు. దాని పూర్వీకులు ఏ శుద్ధజాతినీ ఏ శుద్ధజాతితోనూ కలపగా పుట్టలేదు. ఈ వాతావరణంలో, ఈ ఆహారంతో, ఈ రోగాల మధ్య బతికినవే మిగిలి పిల్లలు కన్నాయి. వాటి జన్యు వైవిధ్యం శుద్ధజాతుల కన్నా చాలా ఎక్కువ. నగరాల్లో వదిలేసిన పెంపుడు కుక్కల రక్తం కొంత కలిసింది గానీ ఊళ్లలోని కుక్కల్లో మూల స్వరూపం ఇంకా నిలిచే ఉంది. మనం పమేరియన్ అని పెంచుకునే తెల్లకుక్కల్లో చాలా భాగం నిజానికి ఇండియన్ స్పిట్జ్‌లే. ఈ ఎండలకు ఎప్పుడో అలవాటు పడ్డ రకం అది.

భారతీయ జాతుల్లో రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ హౌండ్‌లను కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ అధికారికంగా నమోదు చేసింది. కర్ణాటకలోని ముధోల్ దగ్గర ఆ జాతికి ప్రత్యేక పరిశోధన కేంద్రం ఉంది. తెలుగు నేలకు సొంతమైనది జోనంగి. కొల్లేరు చుట్టూ, కృష్ణా, పశ్చిమ గోదావరి ప్రాంతాల్లో రైతుల వెంట ఉండేది. పొట్టి నున్నని బొచ్చు, నుదుటి మీద ముడతలు, సన్నని ఒళ్లు. మామూలు కుక్కలా మొరగడం తక్కువ, గొంతు సాగదీసి కూసినట్టు అరుస్తుంది. నేలను తవ్వి గుంత చేసుకుని అందులో పడుకుంటుంది. బాతుల మందలను కాయడంలో దానికి మంచి పేరు. పొలాలు చేపల చెరువులుగా మారాక దాని పని పోయింది, సంఖ్య పడిపోయింది. కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గరి పందికోన కుక్కలకూ ఆ పరిసరాల్లో కాపలా కుక్కలుగా పేరుంది.

ఇలాంటి జాతులను కాపాడబోయి కొద్ది కుక్కలను పట్టుకుని రిజిస్టరు మూసేస్తే ఐరోపా చేసిన తప్పే మనమూ చేస్తాం. రాజపాళయంలో పాలతెలుపు రంగును, గులాబీరంగు ముక్కును మాత్రమే ఎంచుకుంటూ దగ్గరి రక్తంలో జతకట్టించడం వల్ల చెవుడుతో పుట్టే పిల్లల సమస్య వచ్చింది. జోనంగి విషయంలో మొదట చేయాల్సిన పని ఊరూరా తిరిగి సంబంధం లేని వంశాలను వెదికి, వాటి మధ్య జతలు కుదర్చడం. అందం చూసే షోలు ఆ తరువాత.

బాధ్యత గల బ్రీడర్ చేసే పని

మంచి బ్రీడర్ పని మగకుక్కను తేవడానికి చాలా ముందే మొదలవుతుంది. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద బ్రీడ్లకు తుంటి, మోచేయి ఎక్స్‌రేలు తీయించాలి. తుంటి ఎక్స్‌రేకు కుక్కకు మత్తు ఇచ్చి వెల్లకిలా పడుకోబెట్టి, వెనక కాళ్లు చాచి తీస్తారు. అమెరికాలో దానికి గ్రేడు ఇచ్చే సంస్థ రెండేళ్లు నిండితేనే తుది గ్రేడు ఇస్తుంది. కళ్లు, గుండె పరీక్షలు, ఆ బ్రీడులో తెలిసిన జన్యులోపాలకు డీఎన్‌ఏ పరీక్షలు, జతకట్టించే ముందు ఆడ, మగ రెండింటికీ బ్రూసెల్లా పరీక్ష చేయించాలి. మచ్చల రంగు మెర్ల్ కుక్కలను రెండింటినీ కలపకూడదు. పిల్లల్లో సగటున పాతిక శాతానికి ఆ జన్యువు రెండు ప్రతులూ చేరి చెవుడు, అంధత్వం వచ్చే ముప్పు ఉంటుంది.

ఒక లోపపు ప్రతి ఉన్న కుక్కను పరీక్షలో చూడగానే పక్కన పెట్టేయాల్సిన పని లేదు. దాన్ని ఆ లోపం లేని కుక్కతో కలిపితే ఏ పిల్లకూ జబ్బు రాదు. పిల్లల్లో మళ్లీ పరీక్షించి, లోపం లేని పిల్లను తరువాతి తరానికి ఉంచుకుంటే సరిపోతుంది. అన్నిటినీ ఏరేస్తే మిగిలే కుక్కలు మరీ తగ్గి, కొత్త లోపం తలెత్తుతుంది. జన్యు పరీక్షను బ్రీడర్లు తప్పుగా వాడేది ఇక్కడే.

పిల్లలు పుట్టాక మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ప్రపంచాన్ని నేర్చుకునే వయసు. ఆ రోజుల్లో మనుషుల చేతులు, పిల్లల గోల, మిక్సీ చప్పుడు, వానా పరిచయం కావాలి. చీకటి గదిలో బోనులో పెరిగిన పిల్ల జీవితాంతం భయపడుతుంది, భయపడే కుక్క కరుస్తుంది. పిల్లలను ఎనిమిది వారాల ముందు తల్లి నుంచి వేరు చేయకూడదు. కొన్నవారు ఎప్పుడైనా కుక్కను ఉంచుకోలేని స్థితి వస్తే తిరిగి తీసుకుంటానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇవ్వని బ్రీడర్ పుట్టించిన కుక్కలే చివరికి రోడ్ల మీద కనిపిస్తాయి.

కేసీఐ కాగితం వంశం చెబుతుంది, ఆరోగ్యం చెప్పదు. ఈ తేడా కొనేవారిలో చాలామందికి తెలియదు. "టీకప్", "అరుదైన రంగు" అని చెప్పి రేటు పెంచే ప్రకటనలు అన్నిటికంటే ముందు అనుమానించాల్సినవి. టీకప్ అనే బ్రీడు ఎక్కడా లేదు. ఈతలో అన్నిటికంటే చిన్నదాన్ని ఏరి దానికి ఆ పేరు పెడతారు.

చట్టం

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం, 1960 కింద కేంద్రం 2017లో కుక్కల బ్రీడింగ్, అమ్మకం నియమాలు తెచ్చింది. బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదు చేయించుకోవాలి. ఆడకుక్కను 18 నెలలు నిండాకే జతకట్టించాలి, ఏడాదికి ఒక్క ఈతకు మించకూడదు, జీవితంలో ఐదు ఈతలకు మించకూడదు. ఎనిమిది వారాల లోపు పిల్లను అమ్మకూడదు. వ్యాపార బ్రీడింగ్ కోసం విదేశాల నుంచి కుక్కలను తేవడాన్ని 2016లోనే నిలిపేశారు. 2024 మార్చిలో 23 బ్రీడ్లను, వాటి క్రాస్‌లను ప్రమాదకరమని నిషేధించమంటూ కేంద్రం రాష్ట్రాలకు రాసిన లేఖను, సంబంధిత వర్గాలను సంప్రదించలేదన్న కారణంతో కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో కొట్టేసింది.

నియమాలు మంచివే, అమలు బలహీనం. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టి, బస్సులో పార్సిల్ చేసి పిల్లలను పంపే వ్యాపారంలో రిజిస్ట్రేషన్ నంబరు అడిగేవారు లేరు. ఇంగ్లండులో 2020 ఏప్రిల్ నుంచి ఆరు నెలల లోపు పిల్లలను దళారులు అమ్మకూడదు, కొనేవారు పిల్లను తల్లితో పాటు చూసి తీసుకోవాలి. వాణిజ్య కెన్నెల్లో కాన్పుల మీద కాన్పులతో కుంగిపోయిన లూసీ అనే కావలియర్ కుక్క పేరు ఆ చట్టానికి పెట్టారు. మన నియమాల్లోనూ ఈ ఒక్క నిబంధన చేర్చి అమలు చేస్తే సగం మోసాలు ఆగిపోతాయి.

అది వచ్చేదాకా ఆ పని కొనేవారే చేయాలి. పెంచుకోవాలన్న కోరిక బలంగా ఉంటే ముందు దగ్గర్లోని షెల్టర్లో ఉన్న నాటు కుక్కపిల్లలను చూసిరండి. బ్రీడు కుక్కో, క్రాసో కావాలనుకుంటే బ్రీడర్ ఇంటికి స్వయంగా వెళ్లండి. తల్లిని చూపించమనండి, అది ఎలా ఊపిరి తీస్తోందో, ఎలా నడుస్తోందో, కొత్తవాళ్లను చూసి ఎలా ఉందో గమనించండి. రెండు తరాల కుక్కలు ఏ వయసులో, దేనితో పోయాయో అడగండి. ఎక్స్‌రే, పరీక్షల కాగితాలు చేతికి ఇవ్వమనండి. ఏ కారణం చెప్పి అయినా సరే తల్లిని చూపించకపోతే, అడ్వాన్సు ఇచ్చేసినా వదులుకుని వచ్చేయండి.